ఎర్ర పైపింగు పట్టా

పోయిన వేసవిలో మా ఇంట్లో మనుషులెవరికీ జ్వరం రాలేదు. బండికి వచ్చింది. మనిషికి జ్వరమొస్తే మాత్ర వేసి పడుకోబెడతాం. బండికి వస్తే మాత్రం కారంపూడిలో ప్రతివాడూ డాక్టరే. ఒకడు ఆయిలంటాడు, ఒకడు ప్లగ్గంటాడు, ఇంకొకడు ఆడపిల్ల నడిపే బండి అంతేనంటాడు. ఆ మూడో రకం వాళ్ళకి నేను అక్కడికక్కడే సమాధానం చెప్పేదాన్ని. నా నోటికి భయపడే మా అమ్మీ నన్ను బజారు పనులకి పంపడం ఎప్పుడో మానేసింది.

నా పేరు ఫాయిజా. బస్టాండు దగ్గర ప్రేమలత మేడమ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఏసీలో కూర్చుని చేసే పని కాదు నాది. పొద్దున్నే బయల్దేరి, చుట్టుపక్కల పల్లెల్లో మంచాన పడ్డ ముసలివాళ్ళకీ, బస్సెక్కలేని బాలింతలకీ ఇంటి దగ్గరే రక్తం తీసి, ఆ ట్యూబులు ఐసు బాక్సులో పెట్టుకుని, ఎండ ముదిరేలోపు ల్యాబ్‌కి చేర్చాలి. ఒప్పిచర్లలోనూ గాదెవారిపల్లెలోనూ నన్ను రక్తం పిల్ల అంటారు. పేరు వినడానికి బాగోదు గానీ, 'రక్తం పిల్ల వచ్చింది, మంచం బయటెయ్యండి' అని వాకిట్లోంచి కేకేస్తుంటే నాకు భలే సంతోషంగా ఉండేది. ఆ పనంటే నాకు ప్రాణం.

ఆ పనికి బండి కావాలి. ఇంట్లో ఉన్నది మా అబ్బా పాత హండ్రెడ్ సీసీ గేర్ల బండి ఒక్కటే. అదే నేర్చుకున్నాను.

మా అబ్బా పేరు హబీబ్. సీటు కవర్లు కుడతాడు. ఆయన దుకాణం, మా అమ్మీ తమ్ముడు రఫీక్ మామూ మెకానిక్ షెడ్డు, రెండూ ఒకే రేకుల కింద ఉంటాయి. మధ్యలో ఒక గోనెపట్టా తెర. ఇటు కుట్టు మిషను మోత, అటు స్పానర్ల మోత. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్య ఒక పద్ధతి నడుస్తోంది. ఒకరి పనికి ఇంకొకరు వంక పెట్టరు. అబ్బా కుట్టిన సీటు ఒక పక్కకి వాలినా మామూ 'భలే కుదిరింది బావా' అంటాడు. మామూ బిగించిన చైను కీచుమంటున్నా అబ్బాకి వినపడదు. ఆ పద్ధతి లేకపోతే బావా బావమరుదులు ఒకే రేకుల కింద అన్నాళ్ళు నెగ్గుకొచ్చేవాళ్ళు కాదని మా అమ్మీ అంటుంది.

నేను ఉద్యోగంలో చేరతానని అబ్బాకి చెప్పాను. మర్నాడు బండి దగ్గర గొంతుకూర్చుని లెగ్ గార్డు కొలతలు తీసుకున్నాడు. కాళ్ళకి అడ్డంగా బండి ముందుండే ఇనప గొట్టం అది. దానికి రెగ్జిన్ పట్టా కట్టించుకోవడం మా వైపు మామూలే. వానల్లో బురద, చలికాలం మంచు కాళ్ళకి కొట్టకుండా ఉంటుంది. ఊళ్ళో సగం బండ్లకి అబ్బా కుట్టిన పట్టాలే. కాకపోతే అవన్నీ మోకాలి దాకా ఉండే చిన్న ముక్కలు. నాకు కుట్టింది వేరు.

"ఆడపిల్ల అటో కాలు ఇటో కాలు ఏసుకుని పోతంటే చూసేవాళ్ళు చూస్తారు. వాళ్ళ చూపులు ఆపటం నా చేతుల్లో లేదు. పట్టా కుట్టటం నా చేతుల్లో ఉంది" అన్నాడు.

రెండు వరసల రెగ్జిన్, మధ్యలో పల్చటి ఫోము. పైన హెడ్‌లైట్ కింది నుంచి మొదలై చీలమండల దాకా, అటూ ఇటూ తిరిగి ఫుట్‌రెస్టుల వరకూ. నల్ల పట్టాకి అంచంతా ఎర్ర పైపింగు. నైలాను తాళ్ళతో బిగించి కడితే చీమ దూరే సందు కూడా లేదు. పని మాత్రం ఎంత బాగా చేశాడో చెప్పలేను. పెళ్ళికూతురి చీర అంచు కూడా అంత తిన్నగా ఉండదు.

మొదటి రోజు బండి బయటికి తీస్తుంటే గాదెవారిపల్లె వెంకట్రామయ్య బాబాయి దుకాణం ముందే ఉన్నాడు. మా వాళ్ళకీ ఆయనకీ పాత స్నేహం. ట్రాక్టరు సీట్లన్నీ అబ్బా దగ్గరే కుట్టిస్తాడు.

"ఏంది హబీబూ, బండిక్కూడా పరదా ఏశావా?" అని పగలబడి నవ్వాడు.

అబ్బా కూడా నవ్వేశాడు. నాకు ఒళ్ళు మండింది గానీ నోరు మూసుకున్నాను. పట్టా ఉంటేనే బండి, బండి ఉంటేనే ఉద్యోగం. ఆ మాత్రం లెక్క నాకూ తెలుసు.

చలికాలమంతా బండి గుట్టుగా తిరిగింది. నిజం చెప్పొద్దూ, మంచు పడే పొద్దుల్లో ఆ పట్టా వెనక కాళ్ళు వెచ్చగా ఉంటే అబ్బాని మనసులో మెచ్చుకున్నాను కూడా. కల్లాల్లో మిరపకాయలు ఎత్తేశారు. ఉగాది దాటింది. ఇక మా పల్నాడు ఎండల సంగతి చెప్పేదేముంది? టీవీ వాళ్ళకి రెంటచింతల పేరు గుర్తొచ్చేది ఆ నెలల్లోనే.

ఒకరోజు గాదెవారిపల్లెలో వెంకట్రామయ్య బాబాయి తల్లి రామాయమ్మ నాయనమ్మకి రక్తం తీసుకుని, ఇంకో రెండు ఇళ్ళు చూసుకుని వెనక్కి వస్తున్నాను. ఆమెకి మూత్రపిండాల జబ్బు. నెలనెలా పరీక్షలు. ఊరు దాటాక చిన్న ఎత్తు ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది. ఎక్స్‌లేటరు మొత్తం తిప్పినా వేగం లేదు. లోపల కటకటమని చప్పుడు, కాలిన వాసన. చూస్తుండగానే వెనక చక్రం ఈడ్చుకుపోయి బండి నిలబడిపోయింది. కిక్కు మీద నిలబడ్డా కిందికి దిగలేదు. ఇంజిన్ పట్టేసింది.

ఎలాగో తోసుకుంటూ వేపచెట్టు నీడకి చేర్చాను. పక్క పొలంలో మోటారు దగ్గరున్న వెంకట్రామయ్య బాబాయి నన్ను చూసి నీళ్ళ క్యాను మోసుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మాయ్, ఆగిపోయిందా?"

"వేడెక్కి పట్టేసింది బాబాయ్."

"ఎనక్కి జరుగు. ఈ నీళ్ళు గుమ్మరిస్తే అదే చల్లబడుద్ది."

"వద్దు వద్దు! కాలే ఇనుం మీద చల్లనీళ్ళు పోస్తే పగులుద్ది."

"మా ట్రాక్టరుకి పోస్తాం గదా?"

"దానికి రేడియేటరు ఉంది, దాంట్లో పోస్తారు. దీనికి యాడుంది? దీనికి గాలే నీళ్ళు బాబాయ్."

ఆ మాట అన్నది నేనే. దీనికి గాలే నీళ్ళు అని నా నోటితో నేనే అని, ఎదురుగా ఆ పట్టాని పెట్టుకుని కూడా నా బుర్రకి తట్టలేదు. చదువుకున్నదాన్నని పేరు మళ్ళీ.

బండి చల్లారి కదిలేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. బాక్సులో ఐసంతా నీళ్ళయింది. ల్యాబ్‌లో రామాయమ్మ నాయనమ్మ రక్తంలో పొటాషియం ఆకాశంలో ఉంది. ట్యూబు వేడిలో నానితే అలాగే వస్తుంది. మళ్ళీ తీయాలని నేను చెప్పేలోపే ఆ అంకె వాళ్ళకి ఫోన్లో చేరిపోయింది. వాళ్ళు గుండె ఆగిపోతుందేమోనని హడలిపోయి, ముసలామెని కారులో వేసుకుని నరసరావుపేట పెద్దాసుపత్రికి పరిగెత్తారు. అక్కడ మళ్ళీ పరీక్ష చేస్తే ఏమీ లేదు. 'మీకు ఎవరమ్మా ఈ రిపోర్టు ఇచ్చింది' అని నలుగురిలో అడిగారట.

ప్రేమలత మేడమ్ అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఫాయిజా, నీ చెయ్యి మంచిదే. నీ బండి మంచిది కాదు. ఈ సమ్మరంతా ఇట్టాగే అయితే నా ల్యాబ్ మూసుకోవాలి. ఇంకొక్కసారి శాంపిల్ పాడైతే రూటు సుధీర్ బాబుకి ఇచ్చేస్తా. నువ్వు లోపల కూర్చుని సీసాల మీద పేర్లు రాసుకో."

సుధీర్ బాబు నాతోపాటే చేరాడు. మంచివాడే. కాకపోతే నరం దొరక్కపోతే నాలుగు చోట్ల పొడుస్తాడు. నా ముసలివాళ్ళని అతని చేతుల్లో పెట్టడం నా వల్ల కాదు.

తిన్నగా బండిని మామూ షెడ్డుకి తోసుకుపోయాను. మామూ ఇంజిన్ ఆయిలు మార్చాడు. మర్నాడు మళ్ళీ వేడెక్కింది. ప్లగ్గు మార్చాడు. వేడెక్కింది. ఎయిర్ ఫిల్టరు తీసి దుమ్ము దులిపాడు, టాపెట్లు సరిచేశాడు, బ్రేకు పట్టేస్తుందేమోనని చక్రం విప్పి చూశాడు, కార్బురేటరు కడిగాడు. కాస్త నయమైనట్టే ఉండేది, ఎత్తు రాగానే మళ్ళీ మొదలు. పూర్తిగా పట్టేయకముందే ఆపి, నీడలో నిలబెట్టి, చల్లార్చుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చాను.

"ఏంది మామూ దీనికి?" అని అడిగితే ఆయన నా మొహం చూడడు. పట్టా వైపు ఒకసారి, గోనెతెర వైపు ఒకసారి చూసి, "ఎండలమ్మా, ఎండలు. నువ్వు హాఫ్ క్లచ్చు మీద నడపమాక. చల్లని పొద్దున పోయిరా" అంటాడు.

తెరవతల మిషను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

ఇంట్లో అబ్బా ఒకరోజు అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు. "వానలు పడేదాకా మానెయ్. బండి చెడిపోయి ఆడపిల్ల రోడ్డు మీద నిలబడుద్దా? వచ్చేవాడు పోయేవాడు ఆగి చూస్తా ఉంటే?"

"వానలు పడేదాకా ముసలోళ్ళు ఆగుతారా అబ్బా? మేడమ్ ఆగుద్దా? ఒకసారి మానేస్తే ఇంక ఆ రూటు నాది కాదు."

"కాకపోతే పోనియ్."

"నేను పోనియ్యను" అన్నాను. అన్నం ముందు అబ్బాకి ఎదురు చెప్పడం అదే మొదలు. మా అమ్మీ జాన్‌బీ మధ్యలో చారు గిన్నె పెట్టి, "ఇద్దరూ ముందు తినండి" అంది. ఇద్దరం తినలేదు.

తర్వాత వారంలోనే గాదెవారిపల్లె వెళ్ళాను. రామాయమ్మ నాయనమ్మకి జ్వరం. తలుపులు బిగించి, కిటికీలు మూసి, ఆ ఎండల్లో ఆమె మీద రెండు దుప్పట్లు గడ్డం దాకా కప్పి ఉంచారు. ఆమె ఆయాసపడుతోంది, ఒళ్ళు పెనం. వెంకట్రామయ్య బాబాయి భార్య మూడో దుప్పటి తెస్తోంది.

"ఇదేంది పిన్నీ! తియ్యండి ముందు!" అని అరిచాను.

"చలంటంది గదమ్మా?"

"చలనే అనిపిస్తది. ఒంట్లో వేడి బయటికి పోవద్దా? గాలి తగలందే ఎట్టా పోద్ది? మీరే లోపల ఉడకబెడతన్నారు ఆమెని."

దుప్పట్లు లాగేశాం, కిటికీలు తీశాం, తడిగుడ్డ పెట్టాం. ఫ్యాను గాలికి నాయనమ్మ కళ్ళు తెరిచి, "ఇప్పుడు పేణం లేచొచ్చింది" అంది. ఆ మాటకి నవ్వుకుంటూ రక్తం తీసుకుని, బాక్సు భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చాను.

ఎదురుగా నా బండి. ఫోము పెట్టిన నల్లటి పట్టా గడ్డం దాకా కప్పుకుని నిలబడి ఉంది.

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఇంజిన్ చుట్టూ పలకలు పలకలుగా రెక్కలుండేది గాలి తగలడానికే. ఎదురుగాలి ఒక్క చుక్క కూడా వాటికి చేరకుండా మేం కట్టిపడేశాం. మామూ ఎన్ని మార్చినా ఏం లాభం?

ఊరు దాటాక పట్టా విప్పేసి, మడిచి బాక్సు కింద పెట్టుకున్నాను. అదే ఎత్తు, అదే ఎండ. బండి ఆయాసపడకుండా ఎక్కేసింది. వేపచెట్టు దగ్గర కావాలని ఆపి చూశాను. వేడిగా ఉంది గానీ వాసన లేదు, చప్పుడు లేదు, ఒక్క కిక్కుకి అందుకుంది. ఆ గాలి నా కాళ్ళకీ తగులుతోంది. వేడిగాలే. అయినా నాకు పాడాలనిపించింది.

పాట అక్కడితో ఆగింది. మా ఊరి పొలిమేరలో నాగులేటి వంతెన రాగానే బండాపి, పట్టా మళ్ళీ కట్టుకున్నాను.

అప్పటి నుంచి రోజూ అదే పని. ఊరు దాటాక విప్పడం, ఊరు రాబోతుంటే కట్టడం. శాంపిళ్ళు చల్లగా చేరుతున్నాయి, మేడమ్ మొహం విప్పారింది. అబ్బా అయితే వచ్చినవాడికల్లా చెబుతున్నాడు. "మా రఫీక్ చెయ్యి పడితే తిరుగుంటుందా? బండి సెట్టయిపోయింది." మామూకి బిర్యానీ కూడా పంపించాడు. మామూ తిన్నాడు గానీ మొహంలో సంతోషం లేదు.

అబ్బా నమాజుకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం మామూ నన్ను షెడ్డులోకి పిలిచాడు.

"విప్పేస్తన్నావు గదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీకెట్టా తెలుసు?"

"తాళ్ళ ముడులు చూస్తే తెలవదా? మీ అబ్బా ముడి వేరు, నీ ముడి వేరు."

"అయితే... బండి వేడెక్కేది పట్టా వల్లనేనని నీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే తెలుసు."

ఒక్కసారిగా నాకు ఒళ్ళు తెలియలేదు. "తెలిసి ఆయిలు మార్చావా? తెలిసి ప్లగ్గు మార్చావా? చక్రాలు విప్పావా?"

"అయ్యన్నీ ఎట్టాగూ మార్చాల్సినయ్యేలే."

"నా ఉద్యోగం పోయేది మామూ! రామాయమ్మ నాయనమ్మని కారులో ఏసుకుని పరిగెత్తారు నా మూలంగా. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

మామూ చేతులకున్న గ్రీజు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఏమని చెప్పను? బావా, నీ బిడ్డ కోసం నువ్వు కుట్టిన పట్టానే నీ బిడ్డ కూడు తీస్తందని చెప్పనా? ఆ మనిషి అది కుడతంటే చూశాను నేను. వచ్చిన బేరాలన్నీ వెనక్కి పంపాడు. అంచు రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాడు. నిన్ను రోడ్డు మీదకి పంపటానికి ఆయన తెచ్చుకున్న ధైర్యమంతా ఆ పట్టాలో ఉందే అమ్మాయ్. అది తియ్యమని నా నోటికి రాలేదు."

నాకు ఇంకా తిట్టాలని ఉంది. తిట్టలేకపోయాను. నాకైనా అబ్బాకి చెప్పే ధైర్యం ఉంటే వంతెన దగ్గర ముడులు వేసుకుంటూ ఎందుకు కూర్చుంటాను?

మేం ఇద్దరం దాచిన గుట్టు వెంకట్రామయ్య బాబాయి ఒక్క నిమిషంలో బజారున పెట్టాడు. పాపం, ఆయనకేం తెలుసు? రోహిణి కార్తె మొదలైన రోజుల్లో ట్రాక్టరు సీటు కోసం వచ్చి, నేను దుకాణం ముందు బండి ఆపుతుండగానే అబ్బాతో అన్నాడు.

"నీ కూతురు చానా తెలివైందయ్యా హబీబూ. ఊరు దాటంగానే పట్టా విప్పి బాక్సు కింద పెట్టుకుంటది. ఇప్పుడు చూడు, బండి ఎట్టా పోతందో!"

మిషను ఆగింది. దారం తెగింది. అబ్బా సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. నా వైపు మాత్రం చూడలేదు.

తెల్లారి చూస్తే అబ్బా బండి దగ్గర గొంతుకూర్చుని ఉన్నాడు. పట్టా తనే కట్టాడు. ప్రతి ముడి మీదా ఇంకో ముడి వేశాడు. లేచి, నా చేతుల్లోంచి ఐసు బాక్సు తీసుకుని వెనక సీటెక్కాడు.

"పద. నేనూ వస్తా."

చెప్పేద్దామనుకున్నాను. చెబితే నమ్ముతాడా? 'విప్పుకు తిరగటానికి సాకులా' అంటాడు. ఇంజినే చెప్పుకోనీ అని కిక్కు కొట్టాను. ఆ రోజు దారిలో నాలుగిళ్ళు, చివర రామాయమ్మ నాయనమ్మ. ఇంకొక్కసారి అని మేడమ్ అన్న మాట చెవిలోనే ఉంది.

చల్లని పొద్దున, ఆగి ఆగి ఇళ్ళు తిరుగుతున్నంతసేపూ బండి నోరు మెదపలేదు. అబ్బా ప్రతి ఇంటి దగ్గరా గుమ్మం బయటే నిలబడ్డాడు. గాదెవారిపల్లెలో మాత్రం నాయనమ్మ ఆయన్ని లోపలికి పిలిపించుకుంది.

"ఈ పిల్ల సూది పెడితే దోమ కుట్టినట్టు కూడా ఉండదు సాయిబూ. మొన్న నన్ను దుప్పట్లలో ఉడకబెడతంటే వీళ్ళందరినీ తిట్టిపోసింది. ఎవర్నీ లెక్కచెయ్యదు."

"ఇంట్లో కూడా అంతేనమ్మా" అన్నాడు అబ్బా. నేను నరం వెతికి రక్తం తీసి, దూది అదిమి పట్టుకున్నంతసేపూ ఆయన నా చేతుల్నే చూస్తున్నాడు. నన్ను పని చేస్తుండగా ఆయన చూడటం అదే మొదలు.

తిరుగుదారిలో ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇద్దరి బరువు. ఎత్తు మొదలవగానే బండి మూలిగింది. కటకటమంది. అదే వేపచెట్టుకి ఇవతల, వెనక చక్రం ఈడ్చుకుని నిలబడిపోయింది.

ఇద్దరం కలిసి నీడలోకి తోశాం. అబ్బా బండి ముందు గొంతుకూర్చుని పట్టా వెనక చెయ్యి పెట్టాడు. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. అంచు ఎత్తి లోపలికి చూశాడు. ఫోము ఎండిన అప్పడంలా పెళుసెక్కి రాలుతోంది. లోపలి వైపు ఎర్ర పైపింగు కరిగి నల్లబడి ఉంది. ఆయన దాన్ని వేళ్ళతో నలిపి వాసన చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా ఉంది?"

"ఎండలు మొదలైన కాడ్నుంచి అబ్బా."

"రఫీక్‌కి తెలుసా?"

నేను వేపచెట్టు వైపు చూశాను.

"తెలుసన్నమాట" అన్నాడు. బాక్సు మీద చెయ్యేసి అడిగాడు. "ఇయ్యి ఎంతసేపు ఆగుతాయి?"

"ఐసు కరిగిందాకా. ఇయ్యాళ పాడైతే రూటు ఇంకొకళ్ళకి ఇస్తానంది మేడమ్."

అబ్బా ముడులు విప్పబోయాడు. తను వేసిన ముడులే, వేడికి నైలాను కరిగి అతుక్కుపోయింది. గోళ్ళతో లాగాడు. పంటితో కూడా లాగాడు. రాలేదు. చొక్కా జేబులోంచి దారాలు కోసే బ్లేడు తీశాడు. అది చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆ పట్టా వైపు చూశాడు. తర్వాత తాళ్ళన్నీ వరసగా కోసేశాడు.

పట్టా చేతిలోకి వచ్చాక దాన్ని పక్కన పడేస్తాడనుకున్నాను. రెండు చేతులా పట్టుకుని ఇంజిన్‌కి విసరడం మొదలుపెట్టాడు. చెమటలు కారిపోతున్నా ఆపలేదు. నా చిన్నప్పుడు జ్వరమొస్తే నా మంచం పక్కన కూర్చుని విసనకర్రతో అచ్చం అలాగే విసిరేవాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆయన చూసి, "ఏడుస్తా కూర్చుంటే చల్లారుద్దా? అటుపక్క నుంచి నువ్వూ ఊపు" అన్నాడు. స్కార్ఫు తీసి నేనూ ఊపాను.

బండి అందుకుంది. నాగులేటి వంతెన దగ్గర అలవాటు కొద్దీ వేగం తగ్గించాను.

"ఎందుకు ఆపుతన్నావు?"

"ఏం లేదబ్బా."

"పోనియ్ మరి. ఐసు కరుగుతంది."

బజారు మధ్యలోంచి వెళ్ళాం. టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు తల తిప్పి చూశారు. అబ్బా వాళ్ళందరికీ వెనక నుంచి గట్టిగా సలాం కొట్టాడు, పెళ్ళి ఊరేగింపులో కూర్చున్నవాడిలా. శాంపిళ్ళు ల్యాబ్ లోపల పెట్టేటప్పుడు బాక్సులో అరచేతిలో పట్టేంత ఐసు మిగిలి ఉంది. చాలింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఐసు బాక్సు వాకిట్లో ఉంది. మొదట గుర్తుపట్టలేదు. దానికి నల్లటి తొడుగు. రెండు వరసల రెగ్జిన్, మధ్యలో కొత్త ఫోము, పైన మూతకి బకిలు, అంచంతా ఎర్ర పైపింగు. పాత పట్టాలో కాలిన చోట్లు తీసేసి, మంచి ముక్కలన్నీ కలిపి కుట్టాడు. అతుకు ఎక్కడుందో వెతికినా కనపడలేదు.

"ఇది వేడి ఆపుద్ది. ఆపటంలో దీని తప్పేం లేదు. నేనే తప్పు చోట కట్టా" అన్నాడు అబ్బా టీ తాగుతూ.

అప్పుడే వచ్చిన మామూ బండి వైపు చూసి, "నేను మొదటి రోజే అనుకున్నా బావా" అన్నాడు.

"అనుకున్నోడివి నోరు యాడ పెట్టావు?" అని అబ్బా లేచేసరికి మామూ గేటు దాటేశాడు. ఆ రోజు నుంచి వాళ్ళ పాత పద్ధతి పోయింది. ఇప్పుడు రోజంతా తెరకి అటొకరు ఇటొకరు ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకుంటూనే ఉంటారు. మా అమ్మీ భయపడ్డట్టు ఏమీ కాలేదు. రేకుల షెడ్డు అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో మూత తీస్తే ఐసు గడ్డ కట్టినట్టే ఉంది. ప్రేమలత మేడమ్ తొడుగుని తిప్పి తిప్పి చూసింది.

"ఎక్కడ కుట్టించావు?"

"మా అబ్బా కుట్టాడు మేడమ్."

"పక్క మండలం రూటు కొత్తగా సుధీర్ బాబుకి ఇస్తున్నా. అతని బాక్సుకి కూడా ఒకటి కుట్టించమను."

నా రూటు నాదే అని ఆమె నోటితో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. పరుగున దుకాణానికి వెళ్ళి అబ్బాకి సంగతి చెప్పాను. ఆయన కొలతల టేపు మెడలో వేసుకుంటూ అడిగాడు.

"ఆ పిల్లోడి బండికి ముందు పట్టా ఉందా?"

"ఉంది. నువ్వు కుట్టిందే."

"అయితే ముందు అది తీసేసి రమ్మను" అన్నాడు.